పరిగె

ఉదయం ఆరింటికే ఫోను.
"మిషను తిరుగుతోంది గానీ నీళ్లు కాగట్లేదండీ,
పదింటికి ఏడుకొండలు వస్తాడు."
కెజియా మేడం ఎప్పుడూ అంతే,
రిపేరుకి గడువు చెప్పరు, మనిషి పేరు చెబుతారు.

ఎర్రవంతెన దిగి, కొబ్బరి డొక్కల గుట్టల పక్కనుంచి
సంచి ట్యాంకు మీద పెట్టుకుని పోతుంటే
మంచు కనురెప్పలకి తగులుతోంది.
కాలవ మీద మాత్రం ఆవిరి.
పుష్యమాసం తెల్లారుజామున కాలవ గోరువెచ్చగా ఉంటుందని
లాకుల దగ్గర ఈత నేర్చినవాడెవడికైనా తెలుసు.
టైల్సు పరిచిన నీళ్లకే చలెక్కువ.

ముందు కరెంటు చూశాను.
రాత్రంతా రొయ్యల చెరువుల్లో ఏరియేటర్లు తిరిగే చోట
తెల్లారేసరికి ఓల్టేజీ నీరసించి ఉంటుంది.
మూడు ఫేజులూ బాగానే ఉన్నాయి.
ఫిల్టరు విప్పాను:
రెండు ప్లాస్టర్లు, ఒక పిన్నీసు, ఎవరిదో మొలతాడు ముక్క.
కడిగి బిగించాను. నీళ్లు పారుతున్నాయి.
అతుకులన్నిటికీ సబ్బు నురగ రాశాను,
ఒక్క బుడగ లేవలేదు.
కంప్రెసరు మీద అరచెయ్యి వేశాను, జ్వరం చూసినట్టు.
కాసేపు మూలిగి ఆగింది,
మంచు కరిగించుకోవాలంటూ వెనక్కి తిరిగింది.
ఎక్కడుందే మంచు?
తెర మీద చూద్దును కదా,
బయట గాలి: మూడు డిగ్రీలు.

అమలాపురంలో మూడు డిగ్రీలు!
కాశ్మీరంలో ఉన్నాననుకుంటోంది పాపం.

మేడం ఓసారి అడిగారు,
చల్లగాలిలోంచి వేడెలా తీస్తుందయ్యా ఇది, అని.
పరిగె ఏరినట్టండి, అన్నాను.
కోతలయ్యాక చేలో మోళ్లు తప్ప ఏముంటాయి?
అయినా మా అమ్మ వంగేది.
పొద్దుగూకేసరికి ఒడిలో కుంచెడు గింజలు.
గాలి కూడా కోసేసిన చేనేనండి,
ఇది వంగి ఒక్కో వెన్నూ ఏరి
నీళ్లలో పోస్తుంది.
"అయితే దీనికీ నడుం నొప్పి వస్తుందన్నమాట,"
అన్నారావిడ, డాక్టరు కదా.

ఈ చేలో గింజ లేదని
ఎవరో దీనికి అబద్ధం చెబుతున్నారు.
పక్క రేకు విప్పాను.

కందిరీగ గూడు.
గాలిని కొలవాల్సిన సెన్సరుని
చల్లటి రాగిగొట్టానికి ఆనించి పూసేసింది,
బొటనవేలంత ఒండ్రుమట్టి, నున్నగా.
గొట్టం చలే లోకం చలి అనుకుంది మిషను.

కందిరీగ గూడు పెడితే
ఆ ఇంట్లో ఎవరో నీళ్లోసుకున్నట్టే, అనేది మా అమ్మమ్మ.
పగలగొట్టబుద్ధి కాలేదు.
స్క్రూడ్రైవరు మొనతో చుట్టూ గీసి
పెళ్లగా ఊడదీసి
గోడ పక్క కొబ్బరిచెట్టు గంటులో ఆనించాను.
బతుకుతాయో లేదో.

ఫ్యాను తిరిగింది. ఈసారి ఆగలేదు.
తెర మీద: బయట పంతొమ్మిది, నీళ్లు ఇరవైరెండు.

పదింటికి ఆటో.
భార్య భుజమ్మీద ఒక చెయ్యి, చేతికర్ర మీద ఒక చెయ్యి.
రోజుకి అరవై చెట్లెక్కిన పాదాలు
గట్టు మీద ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నాయి.
శ్రావణంలో పడ్డాడు, దింపు తీస్తూ.
వెచ్చటి నీళ్లలో అయితే నాలుగడుగులు వేస్తాడట.

వేలు ముంచి తీసేశాడు.
"ఏటండీ, గోదారే నయంగా ఉంది!"

గంటకి అర డిగ్రీ ఎక్కుతుంది, అన్నాను.
ముప్పైరెండుకి చేరాలంటే రేపు తెల్లారాలి.
మేడం నావైపు చూశారు.
నేను తెరవైపు చూశాను.

ఇంటికి పోలేదతను. అక్కడే కూర్చున్నాడు.
ఇంత సేపూ మిషను వంక చూడలేదు,
చెట్టు వంకే చూస్తున్నాడు.
"ఆ గూడు నువ్వేనా పెట్టింది?"
ఆయ్, అన్నాను.
"తియ్యి.
దింపోడి చెయ్యి పడే చోటది. కుట్టిందంటే
పట్టు వదిలేస్తాడు."

నిచ్చెన అక్కర్లేని ఎత్తే.
తీసి ప్రహరీ మీద పెట్టాను, ఎండ తగిలే వైపు.
మరికొంచెం ఇవతలకి, అన్నాడు. జరిపాను.

ఇరవైరెండున్నర.